మాడు మీద చెయ్యి

మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏది వచ్చినా పట్టక తప్పదని మనవాళ్ళకు ఒక సామెత వుంది. దాని పూర్తి పాఠం నలుగురిలో చెప్పడానికి వీలుకాదు. ఏదో చిక్కు పని నెత్తిన పడినప్పుడు సంఘాల్లోనూ సమావేశాల్లోనూ కూడా యీ మాట వాడి నవ్వుకుంటాం. కాని పుట్టే ప్రతి మనిషినీ మొట్టమొదట తాకిన చేతిని గురించి చెప్పుకోవడానికి మన సమాజానికి దొరికిన మాట అదేనని ఎప్పుడూ ఆలోచించం.

నాగావళికీ వంశధారకూ నడుమ పల్లెల్లో, యిటు బొబ్బిలి, పార్వతీపురం వేపూ ఆ చెయ్యి ఎక్కువగా మంగలి, చాకలి, దళిత కులాల ఆడవాళ్ళది. పురుడు పోయడంతో వాళ్ళ పని తీరిపోయేది కాదు. అసలు పని అక్కడ మొదలయ్యేది. పీట వేసుకొని, కాళ్ళు చాపుకొని, బిడ్డను కాళ్ళమీద బోర్లా పడుకోబెట్టుకొని, నువ్వులనూనెతో వెన్ను నిమిరి, కాళ్ళూ చేతులూ ఎదురుబొదురుగా మడిచి సాగదీసి, సున్నిపిండితో నలిచి, వేడినీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ పట్టి, చివరకు మాడున ఇంత ఆముదం అద్దేవాళ్ళు. తల గుండ్రంగా కుదరాలని రెండు అరచేతుల మధ్యా ఒత్తేవాళ్ళు. ముక్కు నిటారుగా రావాలని రెండు వేళ్ళతో దువ్వేవాళ్ళు. తర్వాత బాలెంతరాలి నడుం పట్టేవాళ్ళు. ఇంతకూ ముట్టేది కుంచెడు ధాన్యమూ ఒక పాత చీరా. ఆడపిల్ల పుడితే చాలాచోట్ల అందులోనూ కోత పడేది. అన్ని రోజులు ఆ ఇంటి బిడ్డను ఒడిలో వేసుకొన్న మనిషి, పురిటి శుద్ధి అయిన మర్నాటినుంచి మళ్ళీ గుమ్మం అవతలే నిలబడేది.

మాడును గురించి కొంచెం చెప్పుకోవాలి. యీ వ్యాసానికి అదే కేంద్రం. అది పుర్రెలో ఎముక ఇంకా కలవని చోటు. చర్మం కింద ఒక గట్టి పొర, దాని కింద మెదడు. వేలు ఆనిస్తే కొట్టుకుంటూ వుంటుంది. బిడ్డ గుక్కపట్టి ఏడిస్తే ఉబ్బుతుంది. వాంతులూ విరేచనాలూ పట్టుకుంటే లోతుకు పోతుంది. సాధారణంగా 12 నుంచి 18 నెలల లోపల పూడుకుపోతుంది. పుస్తకం ముట్టని మంత్రసానికి యివన్నీ చేతివేళ్ళతో తెలుసు. ఆ తెలిసినదాన్ని రాసిపెట్టిన వాళ్ళు మాత్రం లేరు. పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి సవరల కొండలెక్కి, వాళ్ళ నోటి మాటను పరిశోధించవలసిన విషయంగా చూశాడు. 1931లో అచ్చయిన ఆయన సవర వ్యాకరణం ఆ దృష్టి ఫలితం. మంత్రసాని చేతికి అలాంటి గిడుగు దొరకలేదు.

ఇప్పుడు యీ సంగతి ఎత్తుకోవడానికి ఒక కారణం వుంది. పాశ్చాత్య దేశాల్లో క్రేనియోసేక్రల్ థెరపీ అని ఒక చికిత్స వాడుకలో వుంది. అందులోనే ఒక శాఖ పేరు బయోడైనమిక్. రోగిని బల్లమీద పడుకోబెట్టి, తలకిందా నడుము చివరి త్రికాస్థి కిందా చేతులుంచి, నాణెం బరువుకు మించని ఒత్తిడితో చాలాసేపు కదలకుండా వుంటారు. మెదడునూ వెన్నుపామునూ చుట్టి వుండే ద్రవంలో ఒక ప్రత్యేకమైన లయ వుందనీ, దాన్ని చేత్తో పసిగట్టి సరిచేస్తే మెడనొప్పి మొదలు మనోవ్యథ దాకా మళ్ళుతాయనీ వారి వాదం. మనదేశంలోనూ దీన్ని నేర్పే శిక్షణలు నడుస్తున్నాయి. నేర్చుకునేవారు, నేర్పేవారు, రుసుము చెల్లించేవారు అందరూ చదువుకున్నవాళ్ళే. తలమీద చెయ్యి వేయడం అనే అదే పనికి ఒకచోట పాత చీర, మరొకచోట ధ్రువపత్రం! యీ తేడా ఎక్కడినుంచి వచ్చిందో చూడాలంటే ముందు ఆ వాదం చరిత్ర తెలియాలి.

అమెరికాలో ఆండ్రూ టేలర్ స్టిల్ అనే వైద్యుడు ఎముకలనూ కండరాలనూ చేత్తో సవరించి రోగాలు కుదర్చవచ్చునని ఆస్టియోపతీ అనే పద్ధతిని లేవదీసి, 1892లో మిస్సోరీ రాష్ట్రంలోని కిర్క్స్‌విల్‌లో ఒక పాఠశాల పెట్టాడు. ఆ పాఠశాలలో విద్యార్థి విలియం గార్నర్ సదర్లండ్. 1899లో అతడు విడదీసి పెట్టిన ఒక పుర్రెను చూస్తూ, కణత ఎముకల అంచులు చేప మొప్పల్లా ఏటవాలుగా వున్నాయనుకున్నాడు. మొప్పలు శ్వాసకోసం కదులుతాయి కనుక యీ ఎముకలూ ఏదో శ్వాసకోసమే కదులుతూ వుండాలని ఊహించాడు. ఆ పోలికలోనుంచే సిద్ధాంతమంతా పుట్టింది. తన తలకే కట్లు బిగించుకొని పరీక్షలు చేసుకున్నాడంటారు. పట్టుదల గల మనిషే. 1939లో తన సిద్ధాంతాన్ని పుస్తకంగా వేశాడు. బతుకు చివరి రోజుల్లో అతని మాటల్లోకి ప్రాణశ్వాస వచ్చింది, శరీరంలోకి బయటినుంచి ప్రవేశించే ఒక దివ్యశక్తి వచ్చింది. 1954లో మరణించాడు. తర్వాత జాన్ అప్లెడ్జర్ 1975 నుంచి 1983 దాకా మిచిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో వుండి దీన్ని క్రేనియోసేక్రల్ థెరపీగా మలిచాడు. 1985లో సొంత సంస్థ పెట్టి, వైద్యులు కానివాళ్ళకు కూడా నేర్పడం సాగించాడు. సదర్లండ్ చివరి మాటలను పట్టుకొని ఇంగ్లండులో ఫ్రాంక్లిన్ సిల్స్ వంటివాళ్ళు పెంచిన కొమ్మ బయోడైనమిక్.

ఇందులో అంతా కట్టుకథే అని తోసిపారేస్తే మనమూ పొరబడతాం. మెదడు కొట్టుకుంటుంది. ఆ విషయాన్ని శాస్త్రం కొలిచింది కూడా. ఇటలీలోని టూరిన్‌లో ఆంజెలో మోసో అనే శరీరధర్మ శాస్త్రజ్ఞుడు, దెబ్బతగిలి పుర్రెలో కన్నం పడ్డ మనుషుల మెదడు కదలికలను ఒక గీతల యంత్రంతో నమోదు చేసి 1881లో ప్రచురించాడు. వారిలో బెర్తినో అనేవాడు రైతు. ఒక మధ్యాహ్నం చర్చి గంట మోగింది. బెర్తినో మెదడు గీత లేచింది. ప్రార్థన చేసుకోవాలని తోచిందా అని మోసో అడిగాడు. తోచిందన్నాడు రైతు, గీత మళ్ళీ లేచింది. ఒక చిన్న గుణకారం చెయ్యమంటే అప్పుడూ లేచింది. భక్తి, లెక్క రెండూ ఒకే నెత్తుటి ప్రవాహంలో కనిపించిన ఆ క్షణం, నా మటుకు నాకు, భౌతికవాద చరిత్రలో గుర్తుంచుకోవలసిన క్షణం.

మోసో గీతల్లో గుండె కొట్టుకోవడం వుంది, ఊపిరి వుంది. వాటికంటె నెమ్మదిగా కదిలే అలలూ వున్నాయి. రక్తపు ఒత్తిడిలో యీ నెమ్మది అలలను 1865లో ట్రావుబె, 1869లో హెరింగ్, 1876లో మేయర్ గుర్తించారు. మేయర్ చెప్పిన అల నిమిషానికి సుమారు 6 సార్లు వస్తుంది. క్రేనియోసేక్రల్ లయ నిమిషానికి 6 నుంచి 12 అంటారు దాని బోధకులు. కనుక వాళ్ళ చేతికి తగులుతున్నది, ఏదయినా తగులుతున్నట్టయితే, రక్తనాళాల యీ పాత అలే కావచ్చునని కొందరు ఆస్టియోపతీ పరిశోధకులే 2001లో సూచించారు. ఇక మెదడు ద్రవాన్ని నేడు అయస్కాంత చిత్రణతో కళ్ళారా చూస్తున్నారు. దాన్ని నడిపేవి గుండె, ఊపిరి. 2019లో అమెరికాలో జరిగిన ఒక పరిశోధన ప్రకారం గాఢనిద్రలో దాదాపు 20 సెకన్లకొకసారి ఆ ద్రవం పెద్ద అలగా మెదడులోకి వస్తుంది. ఇంత అద్భుతం కళ్ళముందు వుండగా దివ్యశక్తి దేనికో నాకు తెలియదు.

అసలు ప్రశ్న వేరు. ఆ లయ వుందా లేదా అన్నది కాదు. దాన్ని చెయ్యి కనిపెట్టగలదా? ఇద్దరు నిపుణులు ఒకే మనిషిని పట్టుకొంటే ఒకే లెక్క చెబుతారా? నాడి పట్టే ఆయుర్వేద పండితుణ్ణయినా, స్టెతస్కోపు వేసుకున్న డాక్టరునయినా అడగవలసిన ప్రశ్న యిదే. 1977లో అప్లెడ్జరే 25 మంది చిన్నపిల్లలమీద పరీక్ష జరిపి ఏకీభావం వుందని ప్రకటించాడు. 1994లో ముగ్గురు భౌతిక చికిత్సకులు, ఒకరి లెక్క ఒకరికి తెలియకుండా, 12 మందిని పరీక్షించారు. లెక్కలు బొత్తిగా కలవలేదు. 1998లో ఒకే మనిషి తలను ఒకరూ పాదాలను ఒకరూ ఏకకాలంలో పట్టుకొన్నారు. శరీరమంతటా పాకే లయ ఒకటే అయితే యిద్దరికీ ఒకటే తెలియాలి. తెలియలేదు. 2001లో తలా త్రికాస్థీ పట్టి చూసినప్పుడూ అంతే. 2006లో కుందేళ్ళ పుర్రె అతుకుల మీద, చికిత్సకులు వాడతామనే 5 గ్రాముల మొదలు 20 గ్రాముల దాకా బరువు పెట్టి లాగి చూశారు. చెప్పుకోదగ్గ కదలిక లేదు. ఒక కుందేలు మీద బరువు పెంచుకుంటూ పోతే 500 గ్రాములు దాటాక గాని ఎముక కదలలేదు.

అయితే రోగికి ఉపశమనం కలగడం లేదా? 2016లో జర్మనీలో 54 మంది మెడనొప్పి రోగుల మీద జరిగిన పరీక్షలో, ఉత్తినే తాకిన వారికంటె క్రేనియోసేక్రల్ చికిత్స పొందినవారికి నొప్పి ఎక్కువ తగ్గింది. 2019లో 10 పరీక్షలను కలిపి చూసిన సమీక్ష కూడా మొగ్గు చూపింది. 2024లో 15 పరీక్షలను మరింత కఠినంగా జల్లెడపట్టిన సమీక్షకు మాత్రం ప్రయోజనం కనిపించలేదు. వాదం తెగిందని అనలేం గాని, త్రాసు ఏ వేపు వాలుతున్నదో కనిపిస్తూనే వుంది.

బయోడైనమిక్ వారు యీ పరీక్షలకు చెప్పే జవాబు ఒకటి వుంది. వారిలో కొందరు పాత లయను పక్కకు నెట్టి, నిమిషానికి రెండున్నర సార్లు వచ్చే అల, 100 సెకన్లకు ఒకసారి వచ్చే మహా అల అని కొత్తవి చెప్పారు. అవి యంత్రానికి దొరకవనీ, నిశ్చలమైన మనసుకే దొరుకుతాయనీ అంటారు. యీ మాట మనకు కొత్తేమీ కాదు. వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో పెరిగిన కోడి రామమూర్తినాయుడును గురించి యీ రెండు జిల్లాల్లో తెలియనివారు లేరు. గుండెకు చుట్టిన గొలుసును గాలి పీల్చి తెంచాడనీ, ఛాతీమీద ఏనుగును నిలబెట్టుకున్నాడనీ, రెండు కార్లను రెండు రెక్కలతో ఆపాడనీ చెప్పుకుంటాం. చివరికి కాలు తీసివేయవలసి వచ్చినప్పుడు మత్తుమందు వద్దని ప్రాణాయామంతో వోర్చుకొన్నాడంటారు. 1942లో ఆయన మరణించాడు. శ్రీకాకుళంలో ఆయన పేర క్రీడామైదానం వుంది, విశాఖ సముద్రతీరంలో విగ్రహం వుంది. వుండవలసిందే. మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది వచ్చి, విజయనగరంలో పిల్లలకు కసరత్తు నేర్పిన ఉపాధ్యాయుడాయన. కాని ఆ కండల వెనక వున్న ఏళ్ళ సాధననూ, సర్కసు డేరాలోని శ్రమనూ మరచిపోయి, మనం వాయుస్తంభనం, జలస్తంభనం అనే రెండు మాటలతో సరిపెట్టుకొన్నాం. అంత బలవంతుడు మన మధ్య బతికితే, ఆ ఊపిరిని ఒక్కసారయినా ఎవరూ కొలవలేదే అన్న విచారం మనకు కలగలేదు.

కొలవడం మొదలుపెట్టిన చోట ఏం తేలిందో చూడండి. 1924లో లోణావ్లాలో కువలయానంద యోగ ప్రక్రియలను ప్రయోగశాలకు ఎక్కించాడు. 1961లో ఢిల్లీ అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో ఆనంద్, ఛీనా, బల్‌దేవ్ సింగ్ అనే ముగ్గురు, రామానంద యోగిని గాలి చొరని పెట్టెలో కూర్చోబెట్టి, అతడు ప్రాణవాయువు వాడకాన్ని మామూలు కనీసానికంటె తగ్గించుకోగలిగాడని చూపించారు. అదే యేడు వెంగర్, బాగ్చీ, ఆనంద్ గుండె ఆపుతామన్న యోగులను పరీక్షించారు. మణికట్టు దగ్గర నాడి మాయమైంది గాని గుండె మాత్రం మానలేదు. ఛాతీ కండరాలు బిగించడం వల్ల నాడి అందలేదు, అంతే. ఒక మాట నిలబడింది, ఒక మాట పడిపోయింది. శాస్త్రానికి తూర్పుమీద పగా లేదు, పడమరమీద ప్రేమా లేదు. యంత్రానికి దొరకదు అనేవాడు తన సంగతిని యీ త్రాసులో పెట్టకుండా తప్పించుకొంటున్నాడు.

లయ వాదం యిలా వుండగా, దాని నీడలో మరుగుపడ్డ అసలు విషయం స్పర్శ. తాకడం నిజంగా పనిచేస్తుంది. స్వీడన్ శాస్త్రజ్ఞులు మనిషి చర్మంలో, వెంట్రుకలు వుండే చోట్ల, నెమ్మదిగా నిమరడానికే స్పందించే సన్నని నరాలను కనిపెట్టారు. సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో నిమిరితే అవి బాగా పలుకుతాయి. తల్లిదండ్రులు తమ బిడ్డను నిమిరేటప్పుడు ఎవరూ చెప్పకుండానే ఆ వేగాన్నే పట్టుకుంటారని 2016లో తేలింది. అమెరికాలోని మయామీలో టిఫనీ ఫీల్డ్ బృందం 1986లో నెలలు నిండకుండా పుట్టిన 40 మంది శిశువులను తీసుకొని, సగంమందికి రోజుకు మూడుసార్లు, 15 నిమిషాల చొప్పున 10 రోజులు వొళ్ళు నిమిరి, కాళ్ళూ చేతులూ మడిచి సాగదీశారు. ఆ పిల్లలు రోజుకు 47 శాతం ఎక్కువ బరువు పెరిగారు, 6 రోజులు ముందుగా ఇంటికి వెళ్ళారు. పైన నేను చెప్పిన పీటా, చాపిన కాళ్ళూ ఒక్కసారి జ్ఞాపకం చేసుకోండి. 2021లో భారతదేశంతో సహా అయిదు దేశాల ఆసుపత్రుల్లో జరిగిన పరీక్షలో, 1 నుంచి 1.8 కిలోల లోపు బరువుతో పుట్టిన బిడ్డలను పుట్టీ పుట్టగానే తల్లి రొమ్ముకు అంటిపెట్టి వుంచితే, 28 రోజుల లోపు మరణాలు నూటికి 15.7 నుంచి 12కు తగ్గాయి. ఇందుకు ప్రాణశ్వాసా అక్కర్లేదు, మహా అలా అక్కర్లేదు. చర్మమూ వెచ్చదనమూ చాలు.

అయితే మంత్రసానిని ఎత్తిపొగడి యీ వ్యాసం ముగించేయడం మోసం. పాతదంతా పవిత్రమనే మాట మనది కాదు. ఆమె చేతికి తెలిసిన మూడో సంగతి, మాడు లోతుకు పోవడం, వుంది కదా. ఆ గుర్తు నూటికి నూరుపాళ్ళు నిజం. వైద్య విద్యార్థికి నేటికీ నేర్పే గుర్తు అది. ఒంట్లో నీరు ఇంకిపోతున్నదని దాని అర్థం. ఆమె చేసిందేమిటి? మాడున ఆముదం పెట్టింది. వేడి చేసిందన్నది, దిష్టి తీసింది, ఒక్కొక్కచోట నీళ్ళు తాగించవద్దన్నది. చెయ్యి సరిగ్గానే చదివింది. చదివినదానికి అర్థం చెప్పే శాస్త్రం ఆమెకు ఎవరూ అందించలేదు. ఎంతమంది పిల్లలు ఆముదపు తడి ఆరకుండానే పోయారో లెక్క లేదు. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరంలో, బన్‌గావ్‌లో, కలరా కమ్ముకున్నప్పుడు దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళను పీపాల్లో పోయించి, రోగుల బంధువులచేతనే తాగించాడు. నూటికి 30 దాకా వున్న మరణాలు 4 లోపుకు దిగాయి. సదర్లండ్ పుర్రెలో మొప్పలు చూసి సిద్ధాంతం కట్టాడు. మంత్రసాని మాడులో గుంట చూసి దిష్టి అనుకొంది. ఇద్దరి పొరపాటూ ఒక జాతిదే: వేలికి తగిలిన నిజానికి ఊహ తొడిగారు. కాని సదర్లండ్ చదివిన పాఠశాలకు ప్రవేశం వుంది. మంత్రసానికి ఏ పాఠశాలా తలుపు తీయలేదు. 1923లో విశాఖపట్నంలో వైద్య కళాశాల వెలసినా, పాలకొండ దాటిన పల్లెలో పురుడు అలాగే వుండిపోయింది.

తలుపు తీసి చూసినవాళ్ళు లేకపోలేదు. ప్రాణహితకు ఆవలి వొడ్డున, తెలుగు వినిపించే సిరోంచ వున్న గడ్చిరోలి జిల్లాలో డాక్టర్లు అభయ్ బంగ్, రాణీ బంగ్ పల్లెటూరి ఆడవాళ్ళకు శిశువుల సంరక్షణ నేర్పారు. ఊపిరి లెక్కపెట్టడం, బరువు తూచడం, జ్వరం చూడడం, బిడ్డను వెచ్చగా వుంచడం, చీము రక్తానికి మందు యివ్వడం. పాత మంత్రసానులకూ అందులో చోటిచ్చారు. తాము పనిచేయని పల్లెలతో పోల్చి, నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. యీ రంగంలో ఇంత గొప్ప ఫలితం కపాలపు లయను నమ్మినవారి పక్షాన నాకెక్కడా కనబడలేదు.

ఆ ప్రయోగమే 2011లో దేశమంతటికీ కార్యక్రమం అయింది. 2005లో జననీ సురక్షా యోజన, మన రాష్ట్రంలో 108 బండ్లు వచ్చాక శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లోనూ కాన్పు ఆసుపత్రికి మళ్ళింది. మంత్రసాని పీట మూలపడింది. కొన్ని ఇళ్ళల్లో అమ్మమ్మలు ఇంకా ఆ పీటమీదే కూర్చుని పోస్తున్నారు. నూనె రాయడం తప్పు కాదు, వెన్ను నిమరడం మంచిదే. తల ఒత్తవద్దు, పుట్టీ పుట్టగానే నీళ్ళు పోసి చలికి వదలవద్దు, విరేచనాలయితే పాలూ ఉప్పు పంచదార నీళ్ళూ ఆపవద్దు. యీ సంగతులు వెళ్ళి చెప్పడం ఇప్పుడు ఆశా కార్యకర్త పని. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ ఇంటికి ఆమె 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వెళ్ళాలి. బిడ్డను తూచాలి, వొళ్ళు తాకి వేడి చూడాలి, మాడూ బొడ్డూ చూడాలి, తల్లి రొమ్ముకు ఎలా అంటిపెట్టుకోవాలో చేతులతో చూపించాలి. ఆ ఆరు నడకలూ పూర్తయితే ఆమెకు ముట్టజెప్పవలసిందిగా కేంద్రం కార్యక్రమంలో రాసిపెట్టిన మొత్తం 250 రూపాయలు.